ఇరవై ఆరో చుట్టు

వెంకట్రాములు సారుకు బాన్సువాడలో గిట్టని మనుషులు చాలామందే ఉన్నారు. వాళ్లలో మొదటి వరస, పొద్దునపూట రంగురంగుల టీషర్టులు తొడుక్కుని రోడ్డు మీద పరుగెత్తేవాళ్లది. అసలు దాన్ని పరుగని ఆయన ఒప్పుకునేవాడు కాదు. బస్టాండు ఎదుటి చాయ్ హోటల్లో గోడవారగా కుర్చీ వేసుకుని, ముందు నుంచి పోయే ఒక్కొక్కడి నడుమునూ మోకాళ్లనూ చూస్తూ తీర్పులు చెప్పేవాడు.

"వాడు చూడు, చేతులతోని ఉరుకుతుండు. కాళ్లు ఊకె వెంట వస్తున్నయ్."

"వీడు ఉరుకుతలేడు. కింద పడకుండ చూసుకుంటుండు."

హోటల్లో ఉన్నవాళ్లు నవ్వేవారు. ఆ నవ్వేవాళ్లంటే కూడా ఆయనకు లెక్కలేదు. వాళ్లు కదిలే బస్సు వెనక కూడా ఎన్నడూ పరుగెత్తి ఎరగరు.

ఇంత మాట్లాడే హక్కు తనకుందని ఆయన నమ్మకం. 1986లో జిల్లా పోటీలు బాన్సువాడ పాత గ్రౌండులో జరిగాయి. పది వేల మీటర్ల పరుగును ఆయన ఉత్తకాళ్లతో, ముప్పై రెండు నిమిషాల పద్నాలుగు సెకన్లలో ముగించాడు. అప్పుడాయనకు ఇరవై నాలుగేళ్లు. ఆ పరుగు వల్లే వ్యాయామ ఉపాధ్యాయుడి కొలువు వచ్చింది, ఆ కొలువులోనే జుట్టు నెరిసింది, రిటైరయ్యాడు. ఇన్నేళ్లలో జిల్లా రెండు ముక్కలైంది, గ్రౌండులో సర్కారు తుమ్మ మొలిచింది, కానీ ఆ జిల్లా రికార్డును మాత్రం ఎవడూ ముట్టుకోలేదు. తన తర్వాత పుట్టినవాళ్లంతా దద్దమ్మలనడానికి ఆయనకు అంతకుమించిన రుజువు అక్కర్లేదు.

ఆ రుజువు ఈ జనవరిలో పోయింది. బాన్సువాడ పక్క తండాకు చెందిన భాస్కర్ అనే ఇరవై ఒక్క ఏళ్ల పిల్లవాడు హైదరాబాదులో సింథటిక్ ట్రాక్ మీద పది వేల మీటర్లు ముప్పై ఒకటి యాభైలో పరుగెత్తాడు. ఇరవై నాలుగు సెకన్ల తేడా.

ఆ కబురు తెచ్చినవాడు రాజీవ్. ఎరువుల దుకాణం నడుపుతాడు, ఒకప్పుడు సారు దగ్గర చదువుకున్నాడు, ఇప్పుడు ఊళ్లో రన్నర్స్ క్లబ్బుకు అధ్యక్షుడు. పొట్ట కొంచెం ముందుకొచ్చింది గానీ చేతికి గడియారం, తలకు పట్టీ, నీళ్లసీసా పెట్టుకునే బెల్టు అన్నీ ఉన్నాయి. ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆ సరంజామాతోనే హోటల్‌కు వచ్చి సారు పక్కన కూర్చున్నాడు.

"సార్, మన ఊరి వాట్సాప్ గ్రూపుల పోల్ పెట్టినం."

"ఏం పోలు?"

"బాన్సువాడల ఇప్పటిదాక అందరికన్న గొప్ప రన్నర్ ఎవరు అని. భాస్కర్‌కు అరవై నాలుగు ఓట్లొచ్చినయ్. మీకు పదకొండు."

సారు గ్లాసు కింద పెట్టాడు. "ఓటేసినోళ్లల్ల ఎప్పుడన్న పది వేల మీటర్లు ఉరికినోళ్లు ఎంతమంది?"

రాజీవ్ కాసేపు లెక్కపెట్టినట్టు మొహం పెట్టాడు. "భాస్కర్ తప్ప ఎవరు లేరు సార్."

"మరి గా పదకొండు గూడ నాకొద్దు. తీసెయ్."

రాజీవ్ నొచ్చుకునే రకం కాదు. వచ్చిన పని చెప్పాడు. వచ్చే నెల మొదట్లో ఫంక్షన్ హాల్లో భాస్కర్‌కు సన్మానం చేస్తున్నారు. పాత రికార్డు సారుది కాబట్టి శాలువా సారు చేతుల మీదుగా కప్పించాలని క్లబ్బు నిర్ణయం.

"శాలువా వానికెందుకు? గా బూట్లకు కప్పుండ్రి. ఉరికింది గవి గదా."

హోటల్ మొత్తం నవ్వింది. సారుకు ఊపొచ్చింది. ఆ బూట్ల అడుగున కార్బన్ పలక ఉంటుందని, అది స్ప్రింగులాగా ముందుకు తోస్తుందని, ట్రాక్ రబ్బరని, వర్షం పడ్డా జారదని వివరించాడు. తాను పరుగెత్తింది మొరం మీద. తాగింది చెరుకు రసం.

"లోకమంత గట్లనే ఉన్నది గద సార్," అన్నాడు రాజీవ్. "మారథాన్ రెండు గంటలల్లోపట ఉరికిండు కెన్యా ఆయన. పాత కాలంల ఎవరన్న ఉరికిన్రా?"

"ముందట కారు పోవట్టె, గాలి తగలకుండ చుట్టు నలభై మందిని పెట్టవట్టె. గది ఉరుకుడా, ఊరేగింపా? రోమ్‌ల ఇథియోపియా సిపాయి ఒకడు ఉత్తకాళ్లతోని మారథాన్ గెలిచిండు, నేను పుట్టకముందు. వానికి గీ బూట్లు ఇస్తే ఎంతల వస్తుండెనో చెప్పు. వీనికి గవి ఇడిపిస్తే ఎంతల వస్తడో చెప్పు. చెప్పలేవు. చెప్పలేనోడివి పోల్ ఎందుకు పెట్టినవ్?"

రాజీవ్ ఫోన్ తీసి ఏదో టైపు చేశాడు. శాలువా బూట్లకు కప్పమన్న మాట ఆ మధ్యాహ్నానికల్లా గ్రూపులో చేరింది. కింద నవ్వే బొమ్మలు నలభై దాకా పడ్డాయి.

మూడో రోజు పొద్దున భాస్కర్ సారు ఇంటికే వచ్చాడు. గేటు దగ్గర బూట్లు విప్పి లోపలికి వచ్చి నిలబడ్డాడు. సన్నగా, పొడుగ్గా, ఎండిన చెరుకు గడలాగా ఉన్నాడు. సారు భార్య లక్ష్మవ్వ మంచినీళ్లిచ్చి కూర్చోమంది. వాడు నీళ్లు తాగాడు, కూర్చోలేదు.

"సార్, మీరన్న మాట చూసిన. ఉత్తకాళ్లతోని ఉరుకుతా. మీ గ్రౌండులనే. ఎప్పుడు రమ్మంటరు?"

సారు వాడిని కింది నుంచి పైదాకా చూశాడు. కోపంగా వస్తాడనో, కాళ్లకు దండం పెడతాడనో అనుకున్నాడు. వాడు గోధుమపిండి పట్టించడానికి గిర్నీకి వచ్చినవాడిలా నిలబడి ఉన్నాడు.

"ఇరవై అయిదు చుట్లు. సగంల ఆగుతవేమో, ముందుగాల సోంచాయించుకో."

"ఆగను సార్."

"మళ్ల నాకు ఏదో సెలక్షన్ ఉన్నది, కాళ్లు నొచ్చినయ్ అని ఏడ్వద్దు."

"సెలక్షన్ ఉన్నది సార్, పుణెల. వచ్చే నెల. ఆర్మీ స్పోర్ట్స్‌ల తీసుకుంటరు."

లక్ష్మవ్వ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. "మరి గసొంటప్పుడు గీ ఉత్తకాళ్లు ఎందుకు బిడ్డా? సెలక్షన్ అయినంక ఉరుకరాదు?" అంది. ఆ మాట వాడికి చెప్పినట్టే ఉంది గానీ చూపు మొగుడి మీద ఉంది.

"మేము ఉరకలేదా?" అన్నాడు సారు. "ఎల్లుండి పొద్దుగాల రా."

ఆయనకు తెలియని సంగతి కాదు. తన అరికాళ్లు పదిహేనేళ్లు మడుల గట్ల మీద, మొరం బాటల మీద నడిచి తోలు కట్టాక గ్రౌండులోకి దిగాయి. బూట్లలో పెరిగిన కాలు వేరు. వ్యాయామ ఉపాధ్యాయుడిగా ముప్పై ఏళ్లు పనిచేసినవాడికి అది ఒకరు చెప్పాలా? వద్దనుకుంటే వాడే మానుకుంటాడు లే అని తనకు తాను చెప్పుకున్నాడు. వాడు మానుకుంటే ఆ మాట హోటల్లో ఎలా చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాడు.

వాడు మానుకోలేదు.

పాత గ్రౌండుకు ఒక పక్క నిజాంసాగర్ కాలువ గట్టు, ఇంకో పక్క ఎవరిదో చెరుకు తోట. సారుకు పరుగు నేర్పిన ఏసయ్య సారు (ఇప్పుడాయన లేడు) ఆ రోజుల్లో వంపుల దగ్గర నాలుగు సిమెంటు రాళ్లు పాతి సున్నం గీత గీశాడు. గీత ఎప్పుడో పోయింది, రాళ్లున్నాయి. ముందురోజు సాయంత్రం కూలీతో తుమ్మ కొట్టించి, రాళ్ల వెంట సున్నం పోయించి సారు సిద్ధంగా ఉంచాడు. రాజీవ్ స్టాప్‌వాచ్ పట్టుకున్నాడు. సారు జేబులో ఇరవై అయిదు చింతగింజలు పోసుకున్నాడు, చుట్టుకొకటి పారేయడానికి. క్లబ్బు వాళ్లు పది పన్నెండు మంది టీషర్టుల్లో వచ్చి ఫోన్లు పైకెత్తారు.

భాస్కర్ బూట్లు, మేజోళ్లు విప్పి గట్టు మీద పక్కపక్కన పెట్టాడు. పాదాలు కాళ్లకంటే తెల్లగా ఉన్నాయి. చేతికి గడియారం మాత్రం ఉంచుకున్నాడు.

మొదటి నాలుగు చుట్లలోనే సారుకు తెలిసిపోయింది. వీడు రోడ్డు మీద టీషర్టుల్లాంటివాడు కాదు. తల కదలడం లేదు, భుజాలు బిగుసుకోవడం లేదు, పాదం నేలను తాకి వెంటనే లేస్తోంది. ఎక్కడ తప్పు దొరుకుతుందా అని చూశాడు. ఎడమ మోచేయి కొంచెం బయటకు పోతోంది. దానితోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. చుట్టుకు డెబ్బై ఏడు, డెబ్బై ఎనిమిది సెకన్లు, గడియారంలో ముల్లు తిరిగినట్టు తిరుగుతున్నాడు.

పద్నాలుగో చుట్టులో కాలువ వైపు వంపు దగ్గర వాడి అడుగు తప్పింది. ఏదో రాయి మీద కుడి మడమ పడింది. ఒంటికాలి మీద గెంతినట్టు నాలుగు అడుగులు వేశాడు, మళ్లీ సర్దుకున్నాడు. అక్కడి నుంచి సారు వాడి మొహం చూడలేదు, చింతగింజలే చూసుకున్నాడు.

ఆఖరి గింజ పారేసినప్పుడు రాజీవ్ వాచ్ నొక్కాడు. ముప్పై రెండు నిమిషాల ఇరవై సెకన్లు. సారు కంటే ఆరు సెకన్లు వెనక.

"ఇగ జాలు, ఆగురా," అని సారు చెయ్యెత్తాడు.

భాస్కర్ ఆగలేదు. గీత దాటి అదే ఊపులో ముందుకు పోయాడు. పోయేకొద్దీ వేగం పెంచాడు. క్లబ్బు వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సారు పకపకా నవ్వాడు. అంత నవ్వు ఆయనకు చాన్నాళ్ల తర్వాత వచ్చింది.

"చూసిన్రా? గడియారం కట్టుకుంటె లెక్కలు రావు. చేతికి కంప్యూటర్ ఉన్నది, ఇరవై అయిదు దాక లెక్కవెట్టుడు రాదు."

వాడు ఇంకో పూర్తి చుట్టు తిరిగి వచ్చి, గీత దాటాక గడియారం నొక్కి, గడ్డిలో కూర్చున్నాడు. కుడి మడమ కింద రక్తం, మొరం కలిసి ముద్ద కట్టాయి.

"ఇరవై అయిదు అయినంక గూడ ఎందుకు ఉరికినవ్?" అన్నాడు సారు, నవ్వు ఆపుకోకుండానే.

వాడు గడియారం వంక ఒకసారి, సారు వంక ఒకసారి చూశాడు. "లెక్క తప్పిన సార్," అన్నాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు చాయ్ హోటల్లో సారుదే రాజ్యం. ఆరు సెకన్లను ఆయన అరవై రకాలుగా చెప్పాడు. బూట్లు విప్పగానే ముప్పై సెకన్లు ఊడిపోయాయన్నాడు. ఈ కాలపు పరుగంతా బూట్ల దుకాణంలో తయారవుతుందన్నాడు. పాతవాళ్లనూ కొత్తవాళ్లనూ ఒకే నేల మీద, ఒకే కాళ్లతో నిలబెట్టి చూస్తే ఎవరెంతో తేలిపోతుందని, తేల్చి చూపించానని అన్నాడు. వినేవాళ్లు తలలూపారు. వాళ్లు మొన్న భాస్కర్‌కు ఓటేసినవాళ్లే. అందుకే వాళ్లను చూస్తే సారుకు ఇంకా చులకన.

అయిదో రోజు రాజీవ్ ఫోన్ చూపించాడు. "సార్, ఇది చూడుండ్రి. భాస్కర్ గా దినం ఉరికింది యాప్‌ల ఉన్నది. ఇరవై ఆరు చుట్లు, పది కిలోమీటర్ల అరవై మీటర్లు అని వచ్చింది."

"గా గడియారం ఆకాశంల ఉపగ్రహాన్ని అడిగి చెప్తది. మలుపులల్ల తప్పు చూపిస్తది. గిదొక లెక్కనా?"

రాజీవ్ సరేనని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సారు చాయ్ సగంలో వదిలేసి ఇంటికి వచ్చాడు. ఇరవై ఆరు చుట్లకు పది వేల అరవై అయితే చుట్టుకు ఎంత? నోటి లెక్క చేయగలడు. చేసి, ఆ అంకె నచ్చక మళ్లీ చేశాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన ఎన్నో బడుల్లో ట్రాకులు గీశాడు, ప్రతి దాన్నీ టేపు పెట్టి గీశాడు. పాత గ్రౌండును మాత్రం ఎన్నడూ కొలవలేదు. ఏసయ్య సారు కొలిచిందేనన్న నమ్మకం ఒకటి. తన రికార్డు ఉన్న చోట టేపు పట్టుకుని తిరగాల్సిన అవసరం తనకేముంది అన్నది ఇంకొకటి.

మర్నాడు తెల్లారగానే ముప్పై మీటర్ల టేపు తీసుకుని లక్ష్మవ్వను వెంట రమ్మన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. ఒక కొస ఆమె పట్టుకుంటే ఇంకో కొస ఆయన పట్టుకుని, సున్నం గీత వెంట వంగి వంగి కొలిచాడు. మూడు వందల ఎనభై ఏడు మీటర్లు వచ్చింది. టేపు వదులుగా పట్టావని లక్ష్మవ్వను కసిరి రెండోసారి కొలిచాడు. మూడు వందల ఎనభై ఏడు. మూడోసారి టేపు నేలకు ఆనించి, మేకులు కొట్టి కొలిచాడు. అంకె మారలేదు.

కాలువ గట్టుకూ చెరుకు తోటకూ మధ్య నాలుగు వందల మీటర్ల చుట్టు పట్టే జాగా లేదు. అది కళ్లకే కనిపిస్తుంది, చూడదలిచినవాడికి. ఏసయ్య సారు ఉన్న జాగాలో పట్టినంత గీశాడు.

లక్ష్మవ్వ నడుం పట్టుకుని రాయి మీద కూర్చుంది. "ఎంత ఉండాలె?"

"నాలుగు వందలు."

"మరి నా పెండ్లయిన కాడికెళ్లి నువ్వు పది వేలు పది వేలు అంటుంటివి, ఎన్ని ఉరికినట్టు?"

"తొమ్మిది వేల ఆరు వందల డెబ్బై అయిదు."

"గా పిలగానికి తెల్సి ఉంటది. గందుకే ఇంకో చుట్టు ఉరికిండు," అంది. లేచి టేపు చుట్టడం మొదలుపెట్టింది.

సారుకు ఆ మాట దెబ్బలాగా తగిలింది. వాడికి తెలుసు. తెలిసీ, పది మంది ముందు లెక్క తప్పానని తల వంచాడు. తాను పకపకా నవ్వుతుంటే విన్నాడు. తనను చూసి జాలిపడ్డాడు. తిట్టినా, ఎదురు మాట్లాడినా సారు తట్టుకునేవాడు. ఒక బూట్ల కాలపు పిల్లవాడు తన మీద జాలిపడటం ఆయనకు మింగుడుపడలేదు. ఇంటికి పోకుండా బండి తీసి నేరుగా తండాకు పోయాడు.

భాస్కర్ ఇంటి ముందు మంచంలో కూర్చుని ఉన్నాడు. కుడి కాలికి కట్టు. వాడి తల్లి హీరాబాయి చేటలో బియ్యం చెరుగుతోంది. సారును చూసి లేవలేదు.

"ఏమైంది కాలుకు?"

"రాయి గుచ్చుకున్నది సార్. లోపల గూడ వాచింది. దవాఖానల పది రోజులు ఉరకొద్దన్నరు."

సారు నిలబడే అడిగాడు. "గ్రౌండు తక్కువున్నదని నీకెప్పుడు ఎరుక?"

"ముందురోజు వచ్చి రెండు చుట్లు ఉరికి చూసిన సార్. వాచ్‌ల తక్కువొచ్చింది. అడుగులతోని గూడ కొలిచిన. తక్కువనే."

"మరి గా దినం ఎందుకు చెప్పలె? నా మీద జాలిపడ్డవా?"

భాస్కర్ నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూశాడు. "లేదు సార్. చెప్తే ఏమొస్తది? మీ రికార్డు నేను హైదరాబాదులనే దాటిన. గది ఉన్నా లేకున్నా నాకు ఫరక్ పడదు. పుణెల అందరికన్న ముందట ఉరికెటోళ్లు ఇరవై తొమ్మిదిన్నరల వస్తరు. నా ఫికర్ గదే."

ఆ గొంతులో వెటకారం లేదు. ఉండి ఉంటే బాగుండేది. ముప్పై తొమ్మిదేళ్లుగా తాను ఊరి మొహాన పట్టి చూపించిన అంకె వాడికి రోడ్డు పక్కన కిలోమీటరు రాయి లాంటిది. దాటిపోయాడు, అంతే.

"మరి ఉత్తకాళ్లతోని ఉరుకనీకె ఎందుకొప్పుకున్నవ్?"

"గా బూట్లు మా సోని అక్క కొనిచ్చింది సార్, మొదటి జీతంతోని. శాలువా బూట్లకు కప్పమన్నది అక్క గూడ చదివింది."

హీరాబాయి చేట పక్కన పెట్టింది. "సారూ, నేనొకటి అడుగుత. మా ఆయన బతికినన్ని దినాలు చెప్పులు లేక తిరిగిండు. చెరుకు కోతల కాడ కాళ్లు పలిగి చీము పట్టేది. కొడుకు కాళ్లకు బూట్లొచ్చినయని మేము సంబురపడ్డం. నువ్వు గవి ఇడిపిచ్చినవ్. ఏం జూద్దామని?"

సారు బండి తిప్పుకుని వచ్చిన దారినే వెళ్లాడు.

సన్మానం మార్చి మొదటి ఆదివారం జరిగింది. ఫ్లెక్సీ మీద ఇప్పుడు ఇద్దరి ఫొటోలు ఉన్నాయి. "అలనాటి వీరుడు, ఈనాటి ధీరుడు" అని రాయించాడు రాజీవ్. ఆ ప్రాసకు అతనే చాలాసేపు మురిసిపోయాడు. సారు చేతికి మైకు వచ్చింది.

"నేను ముప్పై తొమ్మిదేండ్ల సంది ఒక అబద్ధం చెప్తున్న," అని మొదలుపెట్టాడు. "అబద్ధమని నాకు మొన్నటిదాక ఎరుక లేదు. పాత గ్రౌండు టేపు వెట్టి కొలిచిన. చుట్టు మూడు వందల ఎనభై ఏడు మీటర్లే. నేను పది వేలు ఉరకలేదు. మూడు వందల ఇరవై అయిదు మీటర్లు తక్కువ ఉరికిన. సరిగ్గ ఉరికి ఉంటె ముప్పై మూడు నిమిషాలు దాటేది. నాది రికార్డు గాదు. గా దినం భాస్కర్ లెక్క తప్పలే. తప్పింది నేను."

హాల్లో వెనక వరసలో ఎవడో చప్పట్లు కొట్టాడు, మిగతావాళ్లు అందుకున్నారు. రాజీవ్ మైకు తీసుకుని, "చూసిన్రా, మా సార్‌ది ఎంత పెద్ద మనసు. చిన్నోని కోసం తన రికార్డు గూడ తక్కువ చేసుకున్నడు," అన్నాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి.

వీళ్లకు పరుగెత్తడమే కాదు, వినడం కూడా రాదు. నిజం చెబితే గొప్పతనమంటారు, గొప్పలు చెబితే నిజమంటారు. ఇలాంటివాళ్ల నోట గొప్ప అనిపించుకోవడానికి తాను జీవితంలో సగం పొద్దులు ఆ హోటల్ కుర్చీలో కూర్చున్నాడు. సారుకు వాళ్ల మీద ఉన్న చులకన అంతా ఆ ఒక్క క్షణంలో తిరిగి తన మీదికే వచ్చింది. భాస్కర్ కుంటుకుంటూ వేదిక ఎక్కాడు. సారు శాలువా కప్పాడు. వాడి మొహంలోకి చూడలేకపోయాడు.

పుణె సెలక్షన్ ఆ నెల చివర్లో అయింది. భాస్కర్ తిరిగొచ్చాడని విన్న మర్నాడు సారు మళ్లీ తండాకు పోయాడు. వాడు ఇంట్లో లేడు. హీరాబాయి వడ్లు ఆరబోస్తూ, కూర్చోమనకుండా, "ఉరుకనీకె పోయిండు. వస్తడు," అంది. సారు వేపచెట్టు నీడన నిలబడ్డాడు. ముప్పావు గంట నిలబడ్డాడు.

భాస్కర్ చెమటతో వచ్చి సారును చూసి ఆగాడు.

"ఎంతల వచ్చినవ్?"

"ముప్పై ఒకటి నలభై ఒకటి సార్. ఎనిమిదోణ్ని. ఆరుగురిని తీసుకున్నరు."

అంతదాకా వాడు పరుగెత్తిన వాటన్నిటిలోకీ అదే తక్కువ సమయం. అయినా చాలలేదు. ఆరోవాడు ముప్పై ఒకటి ఇరవైలో వచ్చాడట. పది రోజులు మంచంలో కూర్చోకుండా ఉంటే ఆ ఇరవై ఒక్క సెకన్లు ఎక్కడికి పోయేవో సారుకు తెలుసు.

"నా వల్లనే," అన్నాడు.

"అవును సార్," అన్నాడు భాస్కర్. "కొంత మీ వల్లనే. కొంత ఆఖరి రెండు కిలోమీటర్లల్ల నేనే ఎనకవడ్డ. మళ్ల ఆరు నెలలకు ఉన్నది."

పరవాలేదని అనలేదు. సారుకు అది మేలనిపించింది. చెప్పాల్సింది అయిపోయింది. పోదామని బండి వైపు తిరిగాడు.

"సార్, మీరు గా జిల్లా పోటీలల్ల ఆఖరి చుట్టు ఎంతల ఉరికిన్రు?"

సారు ఆగాడు. "డెబ్బై ఒకటి. ఏసయ్య సారు గట్టిగ ఒర్రి చెప్పిండు."

భాస్కర్ ఫోన్ తీసి లెక్క చేశాడు. "నాలుగు వందలకు చూస్తే డెబ్బై మూడున్నర పడ్తది సార్. మొరం మీద, ఉత్తకాళ్లతోని. నేను గదే గ్రౌండుల ఆఖరి చుట్టు డెబ్బై అయిదు ఉరికిన. నాలుగు సెకన్లు మీరే ముందట."

సారు ఎదురుచూశాడు, ఈ మాట వెనక ఇంకేదైనా వస్తుందేమోనని. పొగడ్తా రాలేదు, ఓదార్పూ రాలేదు. ఇన్నేళ్లలో పదివేల సార్లు ఆ పరుగు గురించి చెప్పాడు గానీ, చుట్టు చుట్టు విడదీసి అడిగినవాడు ఒక్కడూ లేడు.

"ఆఖరి రెండు వందలు నాకు కండ్లు గూడ కనవడలే," అన్నాడు నెమ్మదిగా. హోటల్లో ఎన్నడూ చెప్పని మాట అది. "గెలిచినట్టు గూడ ఎరుక లేదు. గీత దాటి కాలువ గట్టుకు తాకి పడ్డ. ఎవరో లేపి చెప్పిన్రు."

భాస్కర్ గొంతుక్కూర్చుని కాలి కండరం పిసుక్కుంటూ విన్నాడు. లోపల నుంచి హీరాబాయి అన్నానికి రమ్మని కొడుకును పిలిచింది, సారును పిలవలేదు. వాడు లంబాడీలో ఏదో జవాబు చెప్పాడు, లేవలేదు.

"మొదటి చుట్టు సార్?"

"డెబ్బై. అందరి ముందట ఉండాలని ఉరికిన."

"గది తప్పు సార్," అన్నాడు భాస్కర్.

"తెల్సు," అన్నాడు సారు.